కారులోకి ఎలుకలు దూరకుండా ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

కారులో ఎలుక తిరుగుతోందని తెలిసిన మరుక్షణం చాలామంది ఏదో ఒక స్ప్రే డబ్బా కొంటారు. అది ఆఖరున, కావాలనుకుంటే చేయాల్సిన పని. ముందు చేయాల్సినవి వేరే ఉన్నాయి. ఆ వరుస తప్పితే డబ్బు పోతుంది, ఎలుక మాత్రం పోదు.

ముందుగా ఒక తేడా గమనించండి. మనం కూర్చునే భాగం వేరు, బానెట్ కింది భాగం వేరు. కూర్చునే భాగానికి దారులు కొన్నే ఉంటాయి, వాటిని చాలావరకు మూసేయవచ్చు. ఇంజిన్ ఉండే భాగం కింది నుంచి, చక్రాల పక్క నుంచి బార్లా తెరిచే ఉంటుంది. గాలి ఆడాలి, వేడి బయటికి పోవాలి కాబట్టి దాన్ని మూయడం కుదరదు. అందుకే మొదటిదాన్ని మూసేయాలి, రెండోదాన్ని ఎలుక కాపురం పెట్టడానికి పనికిరాకుండా చేయాలి. ఈ రెండు పనుల్నీ కలగలిపేసి బానెట్ కింద ప్రతి సందులోనూ గుడ్డలు కుక్కేవాళ్లున్నారు. ఆ గుడ్డలు ఎలుకకు గూటి సామాను, మీకు మంటల ప్రమాదం.

అసలు ఎందుకు వస్తాయి? తిండి కోసమే అనుకుంటాం గానీ, చాలాసార్లు చోటు కోసం వస్తాయి. బండి ఆపాక గంటల తరబడి ఇంజిన్ వెచ్చగా ఉంటుంది. చీకటి, పిల్లి దూరలేని ఇరుకు సందులు. బానెట్ లోపలి వైపు అంటించిన మెత్తటి పొర పీకితే గూటికి పరుపు సిద్ధం. ఇక వైర్లు కొరకడం ఆకలి వల్ల కాదు. ఎలుక ముందరి పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, ఏదో ఒకటి కొరికి అరగదీసుకోక తప్పదు. ఈ మధ్య వైర్ల తొడుగుల్లో సోయా వాడటం వల్లే కొరుకుతున్నాయని బాగా ప్రచారమైంది, అమెరికాలో దాని మీద కేసులు కూడా వేశారు. అయితే సోయా ఊసే లేని రోజుల్లోనూ ఎలుకలు వైర్లు కొరికాయి. మీ బండి తొడుగు దేనితో చేశారన్నది పక్కన పెట్టి, బండి ఎక్కడ ఆగుతోందో చూడండి.

ముందు వెతకండి

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, తాళం తీసేసి, టార్చి పట్టుకుని పగటిపూటే చూడండి. బానెట్ ఎత్తగానే లోపలి పొరకు చిల్లులు పడ్డాయా, బ్యాటరీ పక్కన, ఇంజిన్ మీది ప్లాస్టిక్ మూత కింద, ముందు అద్దం అడుగున ఉండే జాలీ దగ్గర ఎండుగడ్డి, కాగితం ముక్కలు, దూది లాంటివి పేరుకున్నాయా అన్నది చూడాలి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవండి. చిట్టెలుకలకు అది ఇష్టమైన చోటు, మూత తీసేదాకా బయటికి ఏమీ తెలియదు. ఆ తర్వాత లోపల చూడండి. ఏసీ గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. దాన్ని బయటికి లాగితే సగం కథ తెలిసిపోతుంది. సీట్ల కింద, మ్యాట్ల కింద, డిక్కీలో స్టెప్నీ ఉండే గుంటలో కూడా చూడండి.

పెంటికల సైజు ముఖ్యం. బియ్యపు గింజంత, అంటే 3 నుంచి 6 మిల్లీమీటర్లు ఉండి కొసలు సన్నగా ఉంటే చిట్టెలుక. ఒక సెంటీమీటరు దాటి లావుగా ఉంటే పెద్ద ఎలుక. ఎందుకు తెలుసుకోవాలంటే, చిట్టెలుక 6 మిల్లీమీటర్ల సందులోంచి, అంటే పెన్సిల్ పట్టేంత సందులోంచి దూరగలదు. పెద్ద ఎలుకకు దాదాపు 12 మిల్లీమీటర్లు కావాలి. బోను సైజు, జాలీ కన్ను సైజు రెండూ దీన్ని బట్టే. పెంటికలు నల్లగా, మెత్తగా, మెరుస్తూ ఉంటే తాజావి. బూడిద రంగుకు తిరిగి పుల్లతో నొక్కితే పొడి అయితే పాతవి.

ఏసీ వేయగానే ఘాటు వాసన, బ్లోయర్ తిరుగుతుంటే టకటక చప్పుడు, ఉన్నట్టుండి డాష్‌బోర్డు మీద వెలిగే హెచ్చరిక దీపం కూడా గుర్తులే.

ఎటు నుంచి ఎక్కుతున్నాయో తెలియకపోతే ఒక చిట్కా ఉంది. రాత్రి నాలుగు టైర్ల చుట్టూ నేల మీద వాసన లేని టాల్కం పొడి పలచగా చల్లండి. తెల్లారాక పాదాల గుర్తులు, తోక గీత ఏ చక్రం దగ్గర ఉన్నాయో చూడండి. పిండి చల్లొద్దు, అది విందు పిలుపు అవుతుంది.

వెతుకుతున్నప్పుడు ఇవి కనిపిస్తే మాత్రం బండి స్టార్ట్ చేయకండి: ఎగ్జాస్ట్ గొట్టాల మీద గానీ పక్కన గానీ ఎండుగడ్డి, ఇంధనం వాసన, రాగి తీగ బయటపడిన వైరు, కొరికిన ఇంధన గొట్టం. బ్రేక్ దీపం గానీ, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) దీపం గానీ వెలుగుతుంటే నడపకుండా మెకానిక్‌నే బండి దగ్గరికి పిలిపించండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో నారింజ రంగు కేబుళ్లను ముట్టుకోవద్దు, వాటిలో వోల్టేజీ ప్రాణం తీసేంత ఉంటుంది. ఎలుక కాటు పడింది ఆ కేబుల్ మీదేనని అనుమానం వస్తే ఇక మీరు చేయగలిగింది బానెట్ దించేసి కంపెనీ వర్క్‌షాప్‌కి ఫోన్ చేయడమే.

ఇంకొక మాట. ఏదీ కదపకముందే ఫోటోలు తీయండి. బీమా కింద అడగాలనుకుంటే శుభ్రం చేశాక చూపించడానికి ఏమీ మిగలదు. ఎలుకలు చేసిన నష్టం మీ పాలసీ కిందికి వస్తుందో రాదో పత్రంలో ముందే చదువుకోండి, కంపెనీకో తీరు ఉంటుంది.

ఉన్నవాటిని బయటికి పంపాలి

లోపల ఎలుక ఉండగా దారులు మూస్తే అది కొత్త దారి కొరుక్కుంటుంది, లేదా లోపలే చచ్చి కంపు కొడుతుంది. కాబట్టి ముందు ఖాళీ చేయించాలి. పగటిపూట బానెట్, తలుపులు, డిక్కీ అన్నీ తెరిచిపెట్టి, గూడు తీసేసి, వెలుతురూ అలికిడీ తగిలేలా ఉంచితే చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి. మిగిలినవాటికి బోనులు పెట్టాలి.

బోను పెట్టడంలోనే ఎక్కువమంది విఫలమవుతారు. ఎలుకలు గోడ అంచునో వస్తువు అంచునో రాసుకుంటూ నడుస్తాయి, మధ్యలోకి రావు. స్ప్రింగు బోను అయితే ఎర ఉన్న కొస గోడకు తగిలేలా, బోను గోడకు అడ్డంగా ఉండాలి. కారు విషయంలో టైర్ల పక్కన, గోడ వారగా నేల మీద పెట్టడం మేలు. ఇంజిన్ మీద పెట్టిన బోను మరచిపోయి స్టార్ట్ చేస్తే ఫ్యాన్‌లోనో బెల్టులోనో పడుతుంది. ఎర వేలి కొనంత వేరుశనగ ముద్ద చాలు. ఎక్కువ పెడితే బోను పడకుండానే నాకేసి పోతాయి. చిట్టెలుకలకు కుతూహలం ఎక్కువ, కొత్త వస్తువు దగ్గరికి ఆ రాత్రే వస్తాయి. పెద్ద ఎలుకలకు కొత్తదంటే భయం. వాటికోసం రెండు మూడు రాత్రులు బోను బిగించకుండా ఎర మాత్రం పెట్టి, తినడం అలవాటయ్యాక బిగించాలి. ఒక్క బోనుతో సరిపెట్టుకోవద్దు. నాలుగు టైర్లకు నాలుగైనా ఉండాలి. పిల్లలు, పెంపుడు జంతువులు తిరిగే చోటైతే బోనును వాటి చేయి, మూతి దూరని పెట్టెలో పెట్టండి.

ఎలుకల మందు కారులో గానీ కారు పక్కన గానీ వద్దని గట్టిగా చెబుతాను. ఎక్కువగా దొరికే మందులు రక్తం గడ్డకట్టకుండా చేసే రకం, తిన్న ఎలుక చావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఈలోగా అది ఏసీ గొట్టంలోకి పోయి కన్నుమూస్తే డాష్‌బోర్డు మొత్తం విప్పాలి. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఏమిటో బిల్లు చేతికొచ్చాక అర్థమవుతుంది. పైగా ఆ ఎలుకను తిన్న పిల్లికి, గుడ్లగూబకు కూడా విషం ఎక్కుతుంది. జిగురు అట్టలు కూడా నాకు నచ్చవు. రోజుల తరబడి ప్రాణంతో గిలగిల్లాడటం ఒకటైతే, బానెట్ కింద దుమ్ముకూ వేడికీ ఆ జిగురు పనిచేయకపోవడం ఇంకొకటి.

శుభ్రం చేయడం, అదీ తడిగా

ఇది తొందరపడే పని కాదు. ఎలుక మూత్రం, పెంటికల ద్వారా లెప్టోస్పైరోసిస్, హాంటా వైరస్ లాంటి జబ్బులు మనుషులకు వస్తాయి. పొడిగా ఊడ్చినా, వాక్యూమ్ పెట్టినా, గాలి కొట్టినా ఆ ధూళి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే ముందు తలుపులన్నీ తెరిచి అరగంట గాలి ఆడనివ్వండి. ఆ అరగంట మీరు దూరంగా ఉండండి. రబ్బరు తొడుగులు, ముక్కుకు బిగుతుగా పట్టే మాస్కు వేసుకోండి. ద్రవంగా దొరికే బ్లీచ్ ఒక వంతుకి తొమ్మిది వంతుల నీళ్లు అప్పటికప్పుడు కలిపి, పెంటికలు, గూడు బాగా తడిసేలా చల్లి, అయిదు నిమిషాలు ఆగి, కాగితంతో ఎత్తి, రెండు సంచుల్లో కట్టి పారేయండి.

బ్లీచ్ గట్టి ప్లాస్టిక్ మీద పరవాలేదు. సీటు గుడ్డ మీద రంగు తినేస్తుంది, లోహం మీద తుప్పు తెస్తుంది. అక్కడ గుడ్డలకు పనికొచ్చే మామూలు క్రిమిసంహారక ద్రావణం వాడండి. ఏ టాయిలెట్ క్లీనర్‌నో, అమ్మోనియా ఉన్న ద్రావణాన్నో బ్లీచ్‌తో కలపకండి, విషవాయువు పుడుతుంది. బానెట్ కింద అయితే ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి, తడిగుడ్డతో తుడవాలే తప్ప పైపుతో జోరుగా నీళ్లు కొట్టకూడదు. కనెక్టర్లలోకి నీళ్లు దిగితే ఎలుక చేయని నష్టం మీరు చేసినవారవుతారు.

ఎయిర్ ఫిల్టర్, క్యాబిన్ ఫిల్టర్‌లలో ఎలుక ఆనవాళ్లుంటే కడిగి వాడుకునే ఆలోచన వద్దు, మార్చేయండి. ఫిల్టర్ మార్చాక కూడా వాసన పోకపోతే బ్లోయర్ విప్పించి చూడాల్సిందే.

ఈ శుభ్రత మన ఆరోగ్యం కోసం మాత్రమే అనుకోవద్దు. ఎలుకలు మూత్రంతో దారి గుర్తు పెట్టుకుంటాయి. పాత ఎలుక పోయినా ఆ వాసన పట్టుకుని కొత్తది వస్తుంది. "పట్టిన కొద్దీ వస్తున్నాయి" అని వాపోయేవాళ్ల బండ్లలో చాలాసార్లు జరుగుతున్నది ఇదే.

కూర్చునే భాగాన్ని మూయడం

అసలు ద్వారం ముందు అద్దం అడుగున, వైపర్ల కింద ఉంటుంది. బయటి గాలి ఏసీలోకి పోయే నోరు అది. ప్లాస్టిక్ జాలీ పైకి కనిపిస్తుంది కాబట్టి మూసే ఉందనుకుంటాం. జాలీ పక్కల్లో, వెనక సందుల్లో చిట్టెలుకకు కావాల్సినంత దారి ఉంటుంది. ఆ ప్లాస్టిక్ ముక్క విప్పి, గాలి నోటి మీద స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ బిగించాలి. కన్ను 6 మిల్లీమీటర్ల కంటే చిన్నదై ఉండాలి, మరీ దోమతెరంత సన్నం అయితే ఆకులూ దుమ్మూ పట్టి గాలి ఆగిపోతుంది. ప్లాస్టిక్ పట్టీలతో కట్టకండి, కొరికేస్తాయి. స్క్రూలో, లోహపు తీగో వాడాలి. వాననీరు కిందికి దిగే రంధ్రాలు అక్కడే ఉంటాయి, వాటిని మూయకూడదు. చేయి తిరిగిన మెకానిక్‌కి ఇది పెద్ద పనేం కాదు. బండి వారంటీలో ఉంటే కంపెనీ వర్క్‌షాప్‌లో అడిగి చేయించుకోండి.

ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. బండి ఆపే ముందు ఏసీ గాలిని లోపలే తిప్పే మీట నొక్కి అప్పుడు ఇంజిన్ ఆపండి. చాలా కార్లలో అది నొక్కితే బయటి గాలి దారికి ఉండే తలుపు పడిపోతుంది, ఎలుకకు అదొక అడ్డు. ఇంజిన్ ఆపగానే ఆ తలుపు తిరిగి తెరుచుకునే మోడళ్లు కూడా ఉంటాయి, మీది ఏ రకమో మాన్యువల్‌లో చూసుకోండి.

తర్వాతి దారులు చిన్నవి. ఇంజిన్ వైపు నుంచి డాష్‌బోర్డులోకి వైర్లు వచ్చే చోట రబ్బరు బిరడాలుంటాయి. ఎప్పుడైనా మ్యూజిక్ సిస్టమో అలారమో పెట్టించి ఉంటే, అదనపు వైరు కోసం ఆ రబ్బరును కోసి వదిలేసి ఉండొచ్చు. వెనక బంపర్ లోపల గాలి బయటికి పోయే రబ్బరు రెక్కలుంటాయి. విరిగితే కొత్తవి వేయించాలి గానీ పూర్తిగా మూసేయకూడదు, తలుపు వేసినప్పుడు లోపలి గాలి పోయేది అటే. తలుపుల రబ్బరు అంచులు చిరిగాయేమో ఓసారి చేత్తో తడిమి చూడండి. నురుగుగా ఉబ్బి గట్టిపడే ఫోమ్ ఒక్కటీ దేనికీ పనికిరాదు, దాన్ని ఒక్క రాత్రిలో తొలిచేస్తాయి. మామూలు స్టీలు పీచు తుప్పు పట్టి, రేణువులు రాలి వైర్ల మీద పడుతుంది. సందు పూడ్చక తప్పకపోతే రాగి పీచు గానీ స్టెయిన్‌లెస్ పీచు గానీ తీసుకుని, అదీ వైర్లకు, తిరిగే భాగాలకు దూరంగా వాడండి.

బానెట్ కింద

ఇంజిన్‌కు గాలి పీల్చే గొట్టం మూతికి కూడా జాలీ వేయవచ్చు, వదులుగా కాకుండా గట్టిగా బిగించాలి. బండి అడుగున ఉండే ప్లాస్టిక్ పలక విరిగిపోయి ఉంటే తిరిగి వేయించండి. వైర్లకు మిరప ఘాటు పట్టించిన టేపు దొరుకుతుంది. జపాన్ కార్ల కంపెనీ హోండా తన విడిభాగాల్లో ఇలాంటి టేపును అమ్ముతోంది. మిరపలోని క్యాప్సైసిన్ ఎలుక నోటిని కూడా మండిస్తుంది. ఇప్పటికే ఒకసారి కొరికిన వైర్ల గుత్తికి, దాని చుట్టుపక్కల వైర్లకు చుట్టిస్తే ప్రయోజనం ఉంటుంది. బండిలోని వైర్లన్నిటికీ చుట్టడం అయ్యే పని కాదు. చుట్టేటప్పుడు తొడుగులు వేసుకోండి, ఆ చేత్తో కళ్లు నలుపుకోకండి.

మూసిన షెడ్డులో బండి పెట్టేవారికి ఇంకో దారి: రాత్రిపూట బానెట్ ఎత్తి, పక్కన ఒక దీపం వెలిగించి ఉంచడం. చీకటీ వెచ్చదనమూ రెండూ పోతాయి కాబట్టి ఆ చోటు నచ్చదు. బానెట్ కింద కారులోనే దీపం వెలిగేదైతే దాన్ని తీసేయండి, లేకపోతే బ్యాటరీ అయిపోతుంది.

పెట్రోలు, డీజిలు, కిరోసిను వైర్ల మీద చల్లమనే సలహా వింటే చెవిన వేసుకోవద్దు. డీజిల్‌కు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, మిగతా రెండింటి సంగతి చెప్పక్కర్లేదు.

బండి ఆగే చోటు

నిజానికి గెలుపోటములు తేలేది ఇక్కడే. బండి చుట్టూ ఏమున్నా దానికి ఎలుక అలవాటు పడుతుంది గానీ, దాక్కోవడానికి చోటు లేని ఖాళీ నేలను మాత్రం దాటడానికి భయపడుతుంది. గోడకు, కట్టెల మోపుకు, పాత సామానుకు, చెత్తడబ్బాకు, దట్టమైన పొదకు ఆనించి పెట్టిన బండి ఎక్కడానికి దానికి క్షణం పట్టదు. మీటరు రెండు మీటర్లు ఎడంగా పెట్టండి. పెంపుడు జంతువుల తిండి, పక్షుల గింజలు షెడ్డులో ఉంటే మూత గట్టిగా పడే లోహపు డబ్బాలోకి మార్చండి. షెడ్డు తలుపు కింద పెన్సిల్ దూరుతుంటే చిట్టెలుక కూడా దూరుతుంది, లోహపు పట్టీ ఉన్న అంచు వేయించండి. చుట్టుపక్కల కలుగులు కనిపిస్తే వాటి సంగతి తేల్చకుండా కారుకు ఎన్ని జాలీలు వేసినా పని పూర్తి కాదు.

చాలామంది గమనించనిది కారు కవరు. నేలను తాకేదాకా కప్పిన కవరు ఎలుకలకు గుడారం. తప్పనిసరైతే అంచులు పైకి మడిచి కట్టండి.

లోపల తినుబండారాల తునకలు, టిష్యూ పేపర్ల పెట్టెలు వదలకండి. పిల్లల సీటు మడతల్లో దాగిన బిస్కెట్ పొడి సంగతి కూడా చూడండి. వాడకుండా పడి ఉండే బండికే ముప్పు ఎక్కువ, అందుకని రెండు మూడు రోజులకోసారైనా బండి తీయండి. అయితే రోజూ నడిపే బండికి ఎలుక రాదనుకోవద్దు. ఇంజిన్ వేడి దొరికేది రోజూ నడిపే బండిలోనే. స్టార్ట్ చేసే ముందు బానెట్ మీద రెండు దెబ్బలు వేయడం మంచి అలవాటు, ఎలుక కాకపోయినా దాని కోసం దూరిన పిల్లి బతుకుతుంది.

నెలల తరబడి వదిలిపోయేటప్పుడు ఎగ్జాస్ట్ గొట్టం మూతిని స్టీలు జాలీతో మూయవచ్చు. మూసిన సంగతి కాగితం మీద రాసి స్టీరింగుకు కట్టండి. మధ్యమధ్యలో బానెట్ ఎత్తి చూసే మనిషి ఒకరుంటే అన్ని పరికరాలకంటే మేలు. ద్విచక్ర వాహనాలకూ ఇదే పద్ధతి. అక్కడ చూడాల్సినవి సీటు కింద గుంట, ఎయిర్ ఫిల్టర్ డబ్బా.

వాసనలు, శబ్దాలు

పిప్పర్మెంట్ నూనె, పొగాకు, కలరా ఉండలు... వీటి ఘాటు కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది, ఎలుకలూ అలవాటు పడతాయి. శుభ్రం చేసి, దారులు మూశాక అదనంగా వాడుకుంటే నష్టం లేదు, కలరా ఉండలు తప్ప. ఆ నాఫ్తలీన్ ఆవిరి మూసిన కారులో మనుషులకే చేటు, ముఖ్యంగా పసిపిల్లలకు. మనకు వినపడని శబ్దం చేసే పెట్టెల మీద నాకు నమ్మకం లేదు. ఆ శబ్దం అడ్డొచ్చిన వస్తువును దాటి వెళ్లదు, బానెట్ కింద అన్నీ అడ్డాలే. రుజువు లేని గొప్పలు చెప్పుకోవద్దని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే వాటి తయారీదారులకు, అమ్మకందారులకు హెచ్చరిక లేఖలు పంపింది.

బాగుచేయించేటప్పుడు, ఆ తర్వాత

కొరికిన వైరుకు నల్ల టేపు చుట్టి పంపేస్తే ఒప్పుకోకండి. తెగిన చోట సరిగ్గా అతికించి, వేడికి ముడుచుకునే తొడుగు వేయించుకోండి. తెగింది ఒక్కటే కనిపించినా ఆ గుత్తి మొత్తం చివరిదాకా చూడమని అడగండి, ఎలుక ఒకే చోట కొరికి ఊరుకోవడం అరుదు.

చివరి ఆనవాలు కనిపించాక కూడా కనీసం మూడు వారాలు బోనులు తీయకండి. ఆడ చిట్టెలుక దాదాపు 20 రోజులకే ఈనుతుంది, ఆ పిల్లలు మరో మూడు వారాలకు గూడు వదిలి తిరగడం మొదలుపెడతాయి. ఆ రోజుల్లో వారానికోసారి టాల్కం పొడి చల్లి చూడండి, క్యాబిన్ ఫిల్టర్ ఓసారి లాగి చూడండి. అప్పటికీ గుర్తులేమీ కనిపించకపోతే బోనులు తీసేసి, బానెట్ ఎత్తి చూడటాన్ని నెలకోసారికి మార్చుకోవచ్చు.